ఏడింటికి కూసే పుంజు

ఆ సాయంత్రం దేవమణి చేసిన చివరి పని కోళ్లను మూయడం. పెట్టలు వాటంతటవే గూట్లోకి దూరాయి. దొరను మాత్రం ఎప్పటిలాగే చంకన పెట్టుకొచ్చి, గోడవారన పొట్టి వెదురుబుట్ట కింద కప్పెట్టి, పైన బరువుకి రుబ్బురోలు పొత్రం పెట్టింది. దొర అంటే ఆమె పుంజు. చేతులు కడుక్కుని అన్నం వార్చడానికి లోపలికి వెళ్లి, పొయ్యి దగ్గరే కూలబడిపోయింది. గుండె అన్నారు. రెండో షిఫ్టులో ఉన్న భర్త సీమోనును జూటుమిల్లు నుంచి తీసుకొచ్చేసరికి ఇంటినిండా జనం.

ఆ కోళ్లు ఇంటికి రావడం సీమోనుకు మొదట్లో ఇష్టం లేదు. మోకాళ్లు పట్టేసి నాట్లకు వెళ్లలేకపోతున్న ఏడాది, దేవమణి చీపురుపల్లి సంత నుంచి అట్టపెట్టె ఒకటి ఒళ్లో పెట్టుకుని ఆటో దిగింది. పెట్టె కిచకిచలాడుతోంది.

"ఏటే అది?"

"కోడిపిల్లలు మావా."

"అది ఇనబడతన్నాది. నా నిద్ర మాటేటి? మిల్లు నుంచొచ్చి నాను కన్నుమూసేసరికి ఒంటిగంట. నాలుగింటికి పుంజు కూత ఎత్తుకుంటే నానేటైపోవాల?"

"పుంజు నేకపోతే గుడ్లు పొదిగించి ఏటి లాభం? పిల్లలవుతాయా? ఒక్కటుంచుకుంటాను."

"ఉంచుకో. తెల్లారకుండా కూత ఇనబడిందా, ఆరోజే కూర. ఇప్పుడే సెప్పేస్తన్నాను."

"సరే మావా. ఉల్లిపాయలు నువ్వే తరుగుదువు గాని."

పెట్టెలో బల్బు వేలాడదీసి పిల్లల్ని వెచ్చగా పెంచింది. ఒకదాన్ని గద్ద తన్నుకుపోయింది, ఒకదాన్ని ముంగిస పట్టుకెళ్లింది. తమ్ముడు సంజయ్ భావనపాడు నుంచి చిరిగిన చేపలవల తెస్తే పెరడంతా పందిరిలా కప్పింది. నూకలు, తవుడు, రాగిచోళ్లు కలిపి ముద్ద చేసేది. "మా పిల్లలు తిన్నాకే నాకు ఆకలి" అనేది. ఆ మాటలు వింటూ సీమోను అన్నం కోసం ఎదురుచూస్తూ కూర్చునేవాడు.

పెట్టలు పెట్టిన మొదటి గుడ్లు చర్చిలో కోతపండుగకు కానుకగా పట్టుకెళ్లింది. అక్కడ కానుకలన్నీ వేలం వేస్తారు. భార్య గుడ్లు ఇంకొకడి ఇంటికి వెళ్తాయా అని సీమోనుకు పట్టుదల వచ్చింది. ఎవరు ఎంతన్నా పైమాట తనే అన్నాడు. మన పెరట్లో గుడ్లు మనమే కొనుక్కున్నామని ఇంటికొచ్చాక దేవమణి కడుపుబ్బ నవ్వింది.

పిల్లల్లో ఒకటి ఎర్రజుట్టు వేసుకుని రొమ్ము విరుచుకు తిరగడం మొదలుపెట్టింది. అదే దొర. సీమోను దాని కూత కోసం కాచుకున్నాడు. కూత రాలేదు. తను ఏడింటికి లేచి, గొంతు సవరించుకుని మంచం దిగాక, అప్పుడు పెరట్లోంచి తీరిగ్గా వినబడేది.

"మా దొర నాలాటోడే. ఏడైతే గాని నోరిప్పడు" అని టీకొట్టు దగ్గర చెప్పుకునేవాడు.

రాత్రిపూట దాన్ని విడిగా ఎందుకు మూస్తున్నావని ఒకసారి అడిగాడు కూడా.

"పెట్టల్ని పొడిసేస్తన్నాది మావా" అంది దేవమణి, బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ.

సమాధి కార్యక్రమం అయినరోజు చీకటి పడగానే ఎవరో అన్నిటినీ కలిపి గూట్లో మూశారు. తెల్లవారుజామున దొర గొంతెత్తి కూసింది. మర్నాడూ అంతే. ఆమె జ్ఞాపకంగా పెట్టుకున్న ఆదరణ కూడికకు ముందు సంజయ్ నెమ్మదిగా కదిపాడు.

"బావా, పుంజుని కూడికలో భోజనాలకి కోసీమంటావా? దీని గోలకి నీకు నిద్ర నేదు."

"దాని జోలికెల్లకురా. మీ అక్క కోసం ఏడుస్తన్నాది."

కూర చేస్తానన్న తన మాట అతనికి గుర్తుంది. అయినా మనసు రాలేదు. కొన్నాళ్లకు ఆ కూతకే లేవడం అలవాటైంది. టీ పెట్టుకునేవాడు, గూడు తెరిచేవాడు, చోళ్లు చల్లి, వల కింద పీట వేసుకుని వాటి తగవులు చూస్తూ కూర్చునేవాడు. ఆ పొద్దు అతనికి బాగుండేది. ఆ మధ్య పొదిగిన పెట్ట కొత్తపిల్లలతో బయటికొచ్చింది.

పిల్లల్ని చూడ్డానికి పక్కింటి దేముడమ్మ వచ్చింది. అప్పుడే దొర కూసింది.

"సూడు దేముడమ్మా, దిగులు తగ్గనేదు దీనికి" అన్నాడు సీమోను.

"దిగులేటన్నా? పుంజన్నాక కూయదా? మణి పొట్టిబుట్ట కింద ఎట్టేది కాబట్టి ఊరుకునేది. మెడ పైకి సాపనేకపోతే అదెలా కూస్తాది?"

"పెట్టల్ని పొడుస్తాదని కదా..."

"ఇదా? పొడవడమే ఎరగదు." దేముడమ్మ గోడవారన బోర్లించి ఉన్న బుట్టను తీసి, దుమ్ము దులిపి, పిల్లల మీద కప్పింది. "పొద్దున్న నువ్వు లెగిసి దగ్గుతావు సూడు, ఆ దగ్గు ఇనబడ్డాకే బుట్ట ఎత్తేది."