చీకటి కోరిన చామంతులు

దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల మధ్య ఇరుకు మెట్లెక్కి వెళ్ళే ఒక జూనియర్ కాలేజీలో నేను వృక్షశాస్త్రం చెబుతాను. మొక్కలు వెలుతురుకూ చీకటికీ ఎలా స్పందిస్తాయన్న పాఠం ఏటా వస్తుంది. పిల్లలు అందులోంచి ఎంట్రన్సుకు పనికొచ్చే బిట్లు ఏరుకుని మిగతాది వదిలేస్తారు. ఆ పాఠాన్ని ఒక ఏడాది మా అమ్మ వచ్చి నిలబెట్టింది.

మోకాళ్ళ ఆపరేషన్ తర్వాత అమ్మ నల్గొండ దగ్గరి మా ఊరు నుంచి అల్మాస్‌గూడలో మా ఇంటికి వచ్చేసింది. వస్తూ వస్తూ చామంతి పిలకలు తడిగుడ్డలో చుట్టి తెచ్చుకుంది. ఊళ్ళో మా చర్చికి క్రిస్మస్ పూలన్నీ అమ్మ పెరట్లోవే. ఆమె చెయ్యి పడితే ఏదైనా బతుకుతుందని ఊరంతా అనేవాళ్ళు. డాబా మీద పెయింటు డబ్బాల్లో, పగిలిన బకెట్లలో ఆ పిలకలు నాటింది. మొదటి చలికాలం విరగబూశాయి.

మరుసటి వానాకాలంలో మా గల్లీ మలుపున కొత్త వీధిదీపం పెట్టారు. డ్యూటీలు ముగించుకుని చీకటిపడ్డాక వచ్చే ఆడవాళ్ళకు ధైర్యంగా ఉందని అందరం సంతోషించాం. దాని తెల్లటి వెలుగు సరిగ్గా మా డాబా మీద పడేది.

దసరా దాటింది. పక్క వీధిలో చామంతులు మొగ్గలేశాయి. మావి మాత్రం నడుమెత్తు పెరిగి, గుబురుగా, నిగనిగలాడుతూ ఉన్నాయే తప్ప ఒక్క మొగ్గ లేదు. అమ్మ ఎరువు మార్చింది. నీళ్ళు తగ్గించి చూసింది. ఏమీ మారలేదు.

ఒక సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి డబ్బాలన్నీ మెట్ల వైపు జరిపి ఉన్నాయి.

"ఏందమ్మా ఇది?"

"పారేద్దాం బిడ్డా. నా చెయ్యి పాడైంది. మోకాళ్ళతోటి అది గూడ పోయినట్టుంది."

ఆపరేషన్ రోజున కూడా ఆమె గొంతు అంత నీరసంగా వినలేదు. కారణం ఏమైనా కనబడుతుందేమోనని డాబా అంతా తిరిగాను. నీళ్ళ ట్యాంకు వెనక రెండు డబ్బాలు కదపకుండా ఉన్నాయి. వాటి కొసల్లో మినపగింజలంత మొగ్గలు.

"గవి జరుపుదామని పోతే మొగ్గలు కనవడ్డయి, ఇడిచిపెట్టిన," అంది అమ్మ. "అదే మట్టి, అవే నీళ్ళు. గా రెంటికే ఎందుకేసినయో తెల్వది. నీడల ఉన్నందుకేమో."

"పగలు అక్కడ గూడ మంచిగ ఎండ పడతది గదమ్మా."

ఆ మాట అంటుండగానే వీధిదీపం వెలిగింది. ట్యాంకు నీడ పోయి ఆ రెండు డబ్బాల మీద పడింది. మిగతా డాబా అంతా పట్టపగలులా ఉంది. ఇన్నేళ్ళుగా బోర్డు మీద గీసిన బొమ్మ నా కళ్ళ ముందు నిలబడింది.

"చామంతి పూయాలంటే దానికి పొడుగు రాత్రి కావాలమ్మా. నడుమ వెలుగు పడితే దాని లెక్కల రాత్రి తెగిపోతది. ఇంకా పొడుగు పగళ్ళే నడుస్తున్నయని ఆకులేసుకుంట పోతది."

"చెట్టుకు కండ్లున్నయా, రాత్రయింది తెల్వనీకి?"

"ఆకులకు తెలుస్తది. వెలుతురును పట్టుకునే పదార్థం ఒకటి ఆకుల్ల ఉంటది."

అమ్మ తన అరచేతులు చూసుకుంది. తర్వాత మెల్లగా అడిగింది. "అంటే, నా చెయ్యి మంచిగనే ఉన్నదా?"

"మంచిగనే ఉన్నది. చీకటే తక్కువైంది."

దీపం తీయించాలని మాకు అనిపించలేదు. మరునాటి నుంచి పొద్దుగూకే వేళకు అమ్మ డబ్బాల చుట్టూ పాత కుర్చీలు పెట్టి, వాటి మీదుగా మందపాటి నల్ల దుప్పట్లు కప్పేది. తెల్లవారగానే తీసేసేది. ఒక్క బకెట్ మాత్రం బయటే ఉంది. మరిచిపోయిందనుకుని నేను కప్పబోయాను.

"దాన్ని ముట్టకు," అంది. "అన్నిటికి కప్పితే నీ మాట నిజమో, అవే పూసినయో ఎట్ల తెలుస్తది?"

ఆ క్షణం మా అమ్మను చూసి నాకు కలిగిన గర్వం మాటల్లో పెట్టలేను.

కొన్ని వారాలకు దుప్పటి కింది మొక్కలన్నీ మొగ్గలు తొడిగాయి. క్రిస్మస్ నాటికి డాబా పసుపు ముద్దయింది. బయట ఉంచిన బకెట్ ఆకులతోనే మిగిలింది. ఎల్బీ నగర్‌లో మేం వెళ్ళే చర్చికి బుట్టెడు పూలు తీసుకెళ్ళి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అమ్మ ఒకటే చెప్పింది. "మా బిడ్డ చదువుతోని పూసినయి." కాదు, అమ్మ చేతితో పూశాయని నేను చెప్పాను. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు.

జనవరిలో ఆ పాఠం వచ్చింది. ప్రిన్సిపాల్ సార్‌ను అడిగి, పూసిన డబ్బానూ పూయని బకెట్‌నూ ఆటోలో పెట్టుకుని అమ్మను కాలేజీకి తీసుకెళ్ళాను. కాలేజీ గడప ఎన్నడూ తొక్కని మనిషి. మంచి చీర కట్టుకుని, మెట్లు ఒక్కొక్కటే ఎక్కింది. రెండు మొక్కలనూ బల్ల మీద పెట్టి, తేడా ఎందుకొచ్చిందో పిల్లల్నే చెప్పమన్నాను. మట్టి అన్నారు, ఎరువు అన్నారు. అమ్మ నవ్వుతూ తల అడ్డంగా ఊపింది. తర్వాత జరిగిందంతా తనే చెప్పింది.

గుంటూరు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒక అమ్మాయి లేచింది. "అమ్మమ్మగారూ, ఒక రోజు కప్పడం మర్చిపోతే ఏమవుతుందండీ?"

"ఒక్కనాటికేం గాదు బిడ్డా. మా ఇంట్ల ఒకపారి గాలికి దుప్పటి ఎగిరిపోయింది. అయినా పూసినయి. రోజూ మరిస్తెనే కష్టం."

అందరూ రాసుకున్నారు. నేను వెనక బెంచీలో కూర్చుని విన్నాను. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. పిలకలు కావాలని అడిగినవాళ్ళకు, ఎట్లా నాటాలో చెప్పి మరీ ఇస్తానంది అమ్మ.

తిరుగు ప్రయాణంలో, ఆటో ఎల్బీ నగర్ చౌరస్తాలో ఆగినప్పుడు అమ్మ అడిగింది. "మల్ల ఎప్పుడు రావాలె?"

"వచ్చే సంవత్సరం అమ్మా, ఇదే పాఠం వచ్చినప్పుడు."

"అప్పటిదాక ఎందుకు? వేరే పాఠాలు లెవ్వా?"