పళ్లేనికీ పళ్లేనికీ నడుమ

మా వదిన ఇక లేదన్న సంగతి ఆమె ఇంట్లో కిరాయికి ఉండే టీచరమ్మ ఫోనులో తెలిసింది. పొద్దున ఏడు గంటలు కావస్తోంది. "అక్కా, పెద్దమ్మ తలుపు తీస్తలేదు, జర రాండ్రి" అంది. మేం చెప్పులు వేసుకునేలోపే ఫోను మళ్లీ మోగింది. ఈసారి ఆమె ఏడుపే వినిపించింది. రెండు గల్లీల దూరం. మా ఆయన ముందు నడిచాడు, నేను వెనక. తన అక్క ఇంటికి ఆయన అంత నెమ్మదిగా నడవడం నేనెప్పుడూ చూడలేదు.

సిద్దిపేటలో ఆమెను ఎరిగినవాళ్లు చాలామందే. ముంబయి దగ్గరి భీవండిలో మగ్గాల మీద పనిచేసే మనవాళ్లకు ఇరవై ఏళ్లకు పైగా మెస్సు నడిపిన మనిషి. రెండు పూటలా నలభై మందికి వండింది. భర్త పోయాక ఊరికి తిరిగొచ్చి, ఉన్న ఇంట్లో ఒక భాగం కిరాయికిచ్చి ఒక్కతే ఉండేది. ఇది అందరికీ తెలుసు. ఏడాదికొకసారి మేమిద్దరం రైలెక్కి ఎక్కడికో పోయొచ్చేవాళ్లమని కూడా తెలుసు. గుళ్లకని అనుకునేవాళ్లు. మేం పోయింది తినడానికి. పెద్ద పెద్ద హోటళ్లలో, ఏం కావాలని అడగకుండా వంటాయన తనకు తోచిన వరుసలో ఒక్కొక్క చిన్న పళ్లెం పంపే భోజనాలు తినడానికి.

మొదలైంది ముంబయిలో. ఒకప్పుడు ఆమె మెస్సులో తిన్న మగ్గం పనివాడు ఒకాయన తర్వాత హోటల్ పనిలో చేరి, పైకొచ్చి, అక్కడొక పెద్ద హోటలుకు వంటపెద్ద అయ్యాడు. "అమ్మా, ఇన్నేండ్లు నీ చేతి తిండి తిన్న. ఒక్కసారి నా చేతి తిండి తిను" అని మూడేళ్లు ఫోన్లు చేశాడు. చివరికి వదిన ఒప్పుకుని, తోడు నన్ను రమ్మంది.

మెత్తటి కుర్చీల్లో కూర్చోబెట్టారు. తెల్లటి వెడల్పాటి పళ్లెం, దాని మధ్యలో బొటనవేలంత జొన్న అప్పడం, దాని మీద చుక్క గోంగూర. పెట్టినవాడు దండం పెట్టి వెళ్లిపోయాడు. మేం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం. మా ఇళ్లల్లో అన్నీ వడ్డించి, అన్నం పడ్డాకే ముద్ద ముట్టేది. ఆమె మెస్సులో అయితే చివరివాడి పళ్లెంలో అన్నం పడేదాకా మొదటివాడు చెయ్యి కదపకూడదు. అందుకని చూస్తున్నాం. వడ్డించే అబ్బాయి రెండుసార్లు వచ్చి, మా పళ్లేలు చూసి, నవ్వి పోయాడు. అరగంట అయింది.

"ఏ పిల్లా, లోపల సరుకు అయిపోయినట్టుంది" అంది వదిన మెల్లగా.

"ఊకో వదినె, వినపడ్తది."

"మెస్సుల గిట్లనే అయితుండె ఒక్కోనాడు. పప్పు ఉడకకపోతే ముందుగాల పచ్చడేసి కూసోబెడ్తుంటి. పాపం, వాడెంత పరేశాన్ల ఉన్నడో."

అప్పుడు ఆ వంటపెద్దే బయటికొచ్చాడు. మొహంలో రక్తం లేదు. "అమ్మా, నచ్చలేదా?"

"తినంది నచ్చుడేంది బిడ్డా? అన్నం రానియ్యి."

ఆయన ఆమె కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూలబడి నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. "మీరు గిది తింటెనే ఇంకోటి వస్తదమ్మా. మీరు తింటరని నేను లోపట చూస్తున్న, నేను పెడ్తనని మీరు గీడ చూస్తున్రు."

"మరి ముందుగాల చెప్పొద్దా! నేను నీ ఇజ్జత్ పోతదని భయపడ్డ" అని ఆ అప్పడం నోట్లో వేసుకుంది. ఆ రోజు అన్నం ఏడో పళ్లెంలో వచ్చింది, రెండు చెంచాలు. "గిది అన్నమా, అక్షింతలా?" అంటూనే మెతుకు మిగల్చకుండా తింది.

తిరుగు రైల్లో నేను నా నోటుబుక్కు తీసి పళ్లేల వరుస రాసుకుంటుంటే అడిగింది: "వచ్చే ఏడు ఏ ఊరు?"

అట్లా జైపూర్ పోయాం. గోవా పోయాం. బెంగళూరు పోయాం. ఊరు ఎంచడం ఆమె పని. టికెట్లు, మందులు, గది, నెలల ముందే హోటల్లో బల్ల చెప్పిపెట్టడం నా పని. ముళ్ల చెంచాలు ఎన్ని పెట్టినా ఆమె చేత్తోనే తినేది. ప్రతి పళ్లెం కిందా అరచెయ్యి పెట్టి వెచ్చగా ఉందో లేదో చూసేది. లేచేముందు వంటగది వైపు వెళ్లి, బోళ్లు తోమేవాళ్లు ఎవరని అడిగేది. జైపూరులో వాళ్లు మొహమాటపడుతూ ఒకామెను పిలుచుకొచ్చారు. వదిన ఆమె తడిచేతులు పట్టుకుని, భీవండిలో నేర్చిన హిందీలో ఏదో చెప్పింది. బయటికొచ్చాక నాతో అంది: "తిన్నోల్లందరు వంటోన్ని మెచ్చుకుంటరు. ఆమెను ఎవ్వలడుగుతరు?"

అయితే నేను కృతజ్ఞురాలిని ఆ రుచులకు కాదు. ఒక పళ్లెం తీసేసి ఇంకొకటి తెచ్చేదాకా పది నిమిషాలు, ఒక్కోసారి పావుగంట పడుతుంది. చేతిలో పనుండదు. లేచిపోయే వీలుండదు. ఎదురుగా ఒకే మనిషి. ముప్పై ఏళ్లుగా వదినా మరదళ్లమై ఉండి మేం మాట్లాడుకున్నదంతా పెళ్లిళ్లు, మందులు, కారం పట్టించడం. అసలు మాటలు ఆ పళ్లేల నడుమ మొదలయ్యాయి. "ముద్ద చిన్నగైతే మాట పెద్దగైతది" అనేది ఆమె.

గోవాలో నాలుగో పళ్లెం తీశాక, భీవండిలో జ్వరంతో పోయిన తన మూడేళ్ల పిల్ల సంగతి చెప్పింది. పిల్ల పేరు చెప్పింది. మా ఆయనకు కూడా ఆ పేరు గుర్తులేదు. "పొద్దుగాల పిల్లను మట్టి చేసి వచ్చిన, పొద్దుమూకి మెస్సు నడిపిన. నలభై మంది ఆకలితోటి వస్తున్రు, ఏం జేస్తవ్?" అంది. అంతలో చేప వచ్చింది. పళ్లెం కింద అరచెయ్యి పెట్టి చూసింది. "ఏడిగనే ఉంది, తిను" అంది.

అప్పట్నుంచి ఏడాది పొడుగునా మాటలు దాచుకోవడం అలవాటైంది. ఇంట్లో ఏదైనా అడిగితే, "గీడ చెప్తె ఇంటి ముచ్చటైతది, గాడ చెప్తా" అనేది. నేనూ ఒకటి దాచుకున్నాను. నాలుగు ఊళ్లు తిరిగినా బయటపెట్టలేదు.

అది ఆమె భీవండి నుంచి వచ్చిన ఏడు. ఒకరోజు చీర కుచ్చెళ్లు దోపుకుని మా వంటింట్లోకి వచ్చి, "ఇద్దరం కల్సి వండుకుందాం పిల్లా, ఒక్కదానికి ఏం వండుకుంట?" అంది. నలభై మందికి వండిన చేయి నా పొయ్యి దగ్గరికి వస్తే ఆ వంటిల్లు ఇక నాది కాదనుకున్నాను. "జాగ చిన్నది వదినె, ఇద్దరికి సరిపోదు" అన్నాను. మా వంటింట్లో నలుగురు నిలబడొచ్చు. ఆమె చుట్టూ ఒకసారి చూసి, "గదీ నిజమే" అంది. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా ముందుగదిలోనే కూర్చునేది. నేను తెచ్చిచ్చిన చాయ్ తాగి పోయేది. ఒక్కతే వండుకుని, ఒక్కతే తింది. బెంగళూరులో చెబుదామని నోటిదాకా వచ్చింది, అంతలో పళ్లెం వచ్చింది. కొచ్చిలో తప్పకుండా చెప్పాలనుకున్నాను. కొచ్చి బల్ల చెప్పిపెట్టాను కూడా, ఇద్దరికి. ఆ తేదీకి ఇంకా నెలా పది రోజులుందనగా ఆమె పోయింది.

దినాలు అయ్యాక మా ఆయన అన్నాడు: "ఆ కొచ్చి ముచ్చట కాన్సిల్ చెయ్యి."

"పోతా."

"ఒక్కదానివి పోయి ఏం తింటవే?"

"తినెతందుకు కాదు."

ఆయన నా మొహం చూశాడు. స్టేషనుకు తానే తీసుకొచ్చాడు. నేనెందుకు పోతున్నానో ఆయనకు చెప్పలేదు. చెప్పాల్సింది ఆయనకు కాదు.

కొచ్చిలో మధ్యాహ్నం భోజనం. నీళ్లకు ఆనుకుని పెద్ద అద్దాల కిటికీ, దాని పక్కన బల్ల. రెండో మనిషి రారని చెప్పాను. వడ్డించే అమ్మాయి ఎదుటి పళ్లెం, గ్లాసు, చెంచాలు తీసింది. కుర్చీ కూడా తీసేయమంటారా అని అడిగింది. ఉండనివ్వమన్నాను. మొదటి పళ్లెం తిన్నాను. రెండోది తిన్నాను. నడుమ సమయం ఎంత పొడుగుంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. చుట్టూ అందరూ జంటలుగా, గుంపులుగా మాట్లాడుకుంటున్నారు. నా రెండు చేతులనూ ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

నాలుగో పళ్లెం తీశాక చెప్పాను. "వదినె, జాగ చిన్నది కాకుండె" అన్నాను. పైకే అన్నాను. ఆ అమ్మాయి తననే పిలిచాననుకుని గబగబా వచ్చింది. ఏమైనా కావాలా అని హిందీలో అడిగింది. ఏమీ వద్దన్నాను. ఆమె నా మొహం చూసి, ఖాళీ కుర్చీ చూసి, నా గ్లాసులో నీళ్లు నింపి, వెళ్లకుండా అక్కడే కాసేపు నిలబడింది. తర్వాత ఎవరో పిలిస్తే వెళ్లింది.

బయట వాన మొదలైంది. ఈ ఒడ్డు నుంచి జనాన్ని ఎక్కించుకున్న పడవ ఒకటి అవతలి ఒడ్డుకు బయల్దేరింది. అది నీళ్లు దాటి, ఆగి, అందరూ దిగేదాకా నాకు ఐదో పళ్లెం రాలేదు. అంత దూరం నుంచి మనుషులు కనిపించలేదు. గొడుగులే కనిపించాయి. ఒక్కచోట గుంపుగా తెరుచుకుని, ఒకటొకటిగా విడిపోయి, దేని దారిన అది వానలోకి వెళ్లిపోయాయి. చివరికి ఒక్క గొడుగు మిగిలి, ఎవరి కోసమో ఆగినట్టు ఆ ఒడ్డునే చాలాసేపు నిలబడింది.