పోటు మీద పట్టిన నీళ్ళు

పదకొండేళ్ళుగా ఒక మాట నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. మా ఆవిడకు చెప్పలేదు. ఏటేటా తిరుత్తణి కొండకు కావడి ఎత్తుతాను. అక్కడ కూడా చెప్పలేదు, పిల్లల చదువులు బాగుండాలని మొక్కుకుని దిగి వచ్చేశాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది తిరుత్తణి దగ్గర తెలుగు నేతవాళ్ళ ఇల్లు. నేను మగ్గం గుంటలో కూర్చోలేదు. కెమిస్ట్రీ చదివి, తిరువళ్ళూరులో నీళ్ళు పరీక్ష చేసే ఒక ప్రైవేటు ల్యాబులో చేరాను. ఆ రోజుల్లోనే ఆత్తిపట్టు అవతల ఉప్పుటేరులో హార్బరు పని ఒకటి మొదలైంది. పెద్ద ఓడలు రావాలంటే ఏటి అడుగు తవ్వాలి. తవ్విన నల్లటి బురదను కాంట్రాక్టరు ఒడ్డునే కట్ట వేసి అందులో పోయించాడు. ఆ బురదలోంచి ఊరే నీరు ఏట్లో కలిసి చేపకూ రొయ్యకూ హాని చేస్తోందేమో నెలకోసారి చూసి చెప్పాలి. ఆ పని మా ల్యాబుకు వచ్చింది. ల్యాబులో నాకు వచ్చింది.

ఉప్పుటేరు చూడనివాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. అక్కడ నీరు రోజూ ఎక్కుతుంది, దిగుతుంది. పోటులో సముద్రం లోపలికి వచ్చి ఏరంతా కడిగేస్తుంది. ఆటులో నీరు వెనక్కి తీసి, కట్టలోని మురికి బయటికి జారుతుంది. కాబట్టి పరీక్షకు నీళ్ళు ఆటులోనే పట్టాలి. ఫారంలో అందుకోసం ఒక గడి కూడా ఉంది. నీళ్ళు పట్టినప్పుడు పోటా, ఆటా?

మొదటి నెల సరిగ్గానే పట్టాను. మోకాలి లోతు బురదలో నడిచి, చెప్పులు పోగొట్టుకుని, ఆటులో సీసా నింపాను. డికాక్షన్ రంగులో ఉన్నాయి ఆ నీళ్ళు. వాటిలో చేప బతికేంత ఆక్సిజన్ లేదు. ఆమ్లం ఉంది, నూనె ఉంది, సీసం ఉంది. మా మేనేజరు ఆ కాగితం చూశాడు. కోప్పడలేదు. బెదిరించలేదు.

"ఇంకోతూరి పట్టి చూడప్పా" అన్నాడు.

అంతే అన్నాడు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. పోటులో పట్టమని ఆయన చెప్పలేదు. ఆ తెలివి నాదే. ఎక్కడ నేర్చుకున్నాను? ఇంట్లోనే. మా నాయన నూలుకు రంగు అద్దేవాడు. రంగు దిగుతుందేమోనని షావుకారు అనుమానపడితే, నూలును ఆయన కళ్ళ ముందే నీళ్ళలో ముంచి చూపించాలి. నాయన ఆ చూపించే నూలును మాత్రం అంతకు ముందే రెండుసార్లు ఉతికి ఆరేసి ఉంచేవాడు. షావుకారు చూసేది మూడో నీళ్ళు. అవి తేటగా ఉండేవి. "చూసుకోండి సామీ" అనేవాడు నాయన. ఒక్క అబద్ధం ఆడేవాడు కాదు. చిన్నప్పుడు అది చూసి నాకు భలే నవ్వొచ్చేది. మహా అయితే ఆ విద్యతో ఎవరిదో ఒక చీర పాడయ్యేది. దాన్నే నేను ఒక ఏటి మీద ప్రయోగించాను.

రెండోసారి పోటు నిండుగా ఉన్న వేళ చూసుకుని పడవలో పోయాను. కాలు తడవలేదు. సీసాలో నీళ్ళు మూడో నీళ్ళలాగే తేటగా ఉన్నాయి. ఫారం గడిలో 'ఆటు' అని రాశాను. పెన్ను ఎక్కడా ఆగలేదు. ఇప్పుడు తలుచుకుంటే అదే నాకు భయం. రెండేళ్ళు అలాగే రాశాను. ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాడినా? ఉద్యోగం కొత్త, పెళ్ళి కొత్త, అని ఇన్నాళ్ళూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను గానీ, నిజానికి పని సులువుగా జరిగిపోతోంది కాబట్టి చేశాను. సిగ్గులేని మాట. అయినా నిజం అదే.

ఆ ఏట్లో కుప్పమ్మ అని ఒకామె రొయ్యలు పట్టేది. వల లేదు, పడవ లేదు. నీళ్ళలో కూర్చుని, అడుగు బురదను రెండు చేతులతో తడిమి పట్టేది. చేతులు రెండూ పనిలో ఉంటాయి కాబట్టి తాటాకు బుట్టను పళ్ళతో కరిచి పట్టుకునేది. ఆమె దిగేది ఆటులోనే. అంటే, నేను సీసాలో పట్టకుండా వదిలేసిన నీళ్ళలో.

ఒకరోజు పోటు ఎక్కుతుంటే ఒడ్డుకు వస్తూ నా పడవ దగ్గర ఆగింది. బుట్ట నోట్లోంచి తీసింది.

"సారూ, నీళ్ళు టెస్టు చేస్తా ఉండారు గదా. బాగుండాయా? నాకు చేతులు మంటెత్తుతా ఉండాయి. గోళ్ళ పక్కన పుండ్లు. మా చెల్లెలు పళవేర్కాడులో తనింటికి వచ్చెయ్ అంటాది. పొయ్యేదా, ఉండేదా?"

రిపోర్టు నా సంచిలోనే ఉంది. తీసి చూపించాను కూడా, ఆమెకు చదువు రాదని తెలిసీ.

"రిపోర్టు రొంబ బాగుండాది అక్కా. భయపడేదానికి ఏమీ లేదు."

"సరి సారూ. చదువుకున్నోళ్ళు మీరే చెప్పినాక ఇంగేం. ఈడనే ఉంటాను."

ఉండిపోయింది. ముందు రొయ్య తగ్గింది. తర్వాత పీతలు ఒడ్డెక్కి చచ్చాయి. రాళ్ళకు పట్టిన ఆలిచిప్పలు నోళ్ళు తెరుచుకుని డొల్లలయ్యాయి. కొంగలు రావడం మానేశాయి. నా కాగితాల్లో మాత్రం ఏరు ఆరోగ్యంగా ఉంది. హార్బరు పని పూర్తయింది. నాకు ఇంకో ల్యాబులో పెద్ద ఉద్యోగం వచ్చింది.

పోయిన ఆషాఢంలో, ఆడి అమావాస్యకు, తిరువళ్ళూరు వీరరాఘవస్వామి గుడి దగ్గర ఎవరో "సారూ" అని పిలిచారు. కుప్పమ్మ. దండం పెట్టడానికి చేతులెత్తింది. కుడిచేతికి రెండు వేళ్ళు లేవు.

"పుండు మానలేదు, తీసేసినారు సారూ. నీళ్ళు బాగుండాయని మీరు చెప్తిరి గదా. నీళ్ళది కాదు, నాదే ఏందో దోషం. సామికి మొక్కుకుని పోదామని వచ్చినా."

తొమ్మిదేళ్ళుగా ఆమె తనలో పాపం వెతుక్కుంటోంది, నా పాపానికి. అక్కడే, ఆ జనంలోనే ఆమె కాళ్ళ మీద పడి ఉండాల్సింది. రైలు టైమైందని చెప్పి వచ్చేశాను. ఆ పూట నాకు ఏ రైలూ లేదు.

ఇది ఆమె చదవదు. చదవదని తెలిసే ధైర్యంగా రాస్తున్నానా? అవును, అదీ ఒప్పుకుంటున్నాను. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించడానికి మీరెవరు? వేళ్ళు పోయింది మీకు కాదు. ఆ ఫారం గడిలో రాయాల్సిన మాట ఒక్కసారైనా నా చేత్తో రాయాలనిపించింది, అంతే. రాస్తుంటే గొంతులో ముల్లు కాస్త కదిలింది.

నేను నీళ్ళు పట్టినప్పుడు పోటు. ఆ రెండేళ్ళూ, ప్రతిసారీ, పోటే.