యసవతి మార్చిన ఇరుసులు

శ్రీలంకలోని బండారవెల బడిలో పాతికేళ్ళు కుట్టుపని నేర్పిన యసవతి ఏనాడూ కారు కింద తల పెట్టి చూడలేదు. ఆ పని భర్త కరుణపాలది. బస్సు డిపోలో ముప్పై ఏళ్ళు మెకానిక్కుగా చేసినవాడు. వాళ్ళ జపాను కారు పెద్దమ్మాయి కంటే వయసులో పెద్దది. అయినా దానిమీద పరాయి చెయ్యి పడనిచ్చేవాడు కాదు.

నిరుడు పక్షవాతం వచ్చి అతని కుడిచెయ్యి పడిపోయింది. మాట ముద్దగా వచ్చేది. అలా మాట్లాడటం నామోషీ అనిపించి, అసలు మాట్లాడటమే మానేసి సైగలతో కాలం గడుపుతున్నాడు.

బస్సు మెట్లు ఎక్కలేడు కనుక, చేతికి వ్యాయామం చేయించడానికి వారానికి రెండుసార్లు యసవతే కారులో బదుల్ల ఆసుపత్రికి తీసుకెళ్ళేది. ఒకరోజు కొండ మలుపుల్లో ముందు చక్రాల దగ్గర టకటకమని చప్పుడు మొదలైంది.

"ఇరుసులు రెండూ అరిగిపోయాయి టీచరమ్మా. ఇలాగే తిప్పితే ఏదో మలుపులో నడిరోడ్డు మీద ఆగిపోతారు," అన్నాడు గ్యారేజీ అతను. "కానీ మూడు వారాల దాకా నాకు తీరిక లేదు."

కరుణపాల వేళ్ళు అప్పుడప్పుడే కదులుతున్నాయి. వ్యాయామం ఒక్కసారి కూడా మానొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. యసవతి కొలంబో నుంచి ఇరుసులు తెప్పించింది. శనివారం పొద్దున్నే భర్త పాత ప్యాంటు తొడుక్కుని, అతని కుర్చీ తెచ్చి వాకిట్లో వేసింది.

"నేను విప్పుతాను, మీరు చెప్పండి. చెప్పకపోతే నాకు తోచినట్టు విప్పేస్తాను."

అతను ముఖం తిప్పుకున్నాడు. ఆమె జాకీ తీసుకుని కారు లేపబోయింది.

"ఆగు!" మాట ముద్దగానే వచ్చినా గట్టిగా వచ్చింది. "చక్రం... నేల మీద ఉండగానే నడిమి నట్టు వదులు చెయ్యి. లేపాక ఊరికే తిరుగుతుంది."

"అమ్మయ్య, నోట్లో నాలుక ఉందన్నమాట!"

నట్టు ఓ పట్టాన కదల్లేదు. స్పానరుకి ఇనుప గొట్టం తొడిగి దానిమీద ఎక్కి నిలబడితే, కీచుమంటూ వదిలింది. ఎదురింటి పియసీలి గోడ మీదుగా తొంగిచూసింది.

"యసక్కా, కోపం కారు మీదా, బావగారి మీదా?"

"ఇద్దరి మీదానూ! ఓ గ్లాసు టీ పట్టుకురా. నంజుకోవడానికి బెల్లం ముక్క మర్చిపోకు."

కారు లేపి, కింద దిమ్మలు ఆనించి, ఎడమ చక్రం ఊడదీసింది. అతను చెప్పినట్టే కింది కీలు విడదీసి, కడ్డీతో ఇరుసు లోపలి కొసను ఎగదన్నింది. పాత ఇరుసు గేరుపెట్టెలోంచి ఊడివచ్చింది. వెంట వచ్చిన నూనె ఆమె మోచేతుల దాకా కారింది.

కొత్తది మాత్రం పట్టలేదు. అరగంట తోసి, తిట్టి, చివరికి కళ్ళనీళ్ళు పెట్టుకుని చతికిలబడింది. తలెత్తి చూస్తే కరుణపాల నోటికి ఓ పక్కగా నవ్వు.

"ఎందుకా నవ్వు?"

"అది కుడి చక్రానిది. ఎడమది... పొట్టిగా ఉంటుంది."

"మరి చెప్పరేం?"

"నువ్వు చెప్పనిస్తేగా! ఇందాకట్నుంచి... తిడుతూనే ఉన్నావు."

యసవతికి ఒక్కసారిగా నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పొట్టి ఇరుసు అందుకుని తోసింది. లోపల టక్కుమంది.

"లాగి చూడు," అన్నాడు. లాగింది. ఊడి రాలేదు, సరిగ్గా పట్టింది.

కుడివైపుది కూడా అలాగే మార్చి, కారిపోయిన నూనె తిరిగి పోసేసరికి మూడు గంటలు దాటింది. అప్పుడు అతన్ని ఎక్కించుకుని కొండ దిగింది. బాగా వంపు తిరిగిన మలుపులో స్టీరింగు పూర్తిగా తిప్పినా కింద చప్పుడు లేదు. పక్కన మాత్రం, "నెమ్మది... గేరు మార్చు... లారీ వస్తోంది, చూసుకో!" అంటూ ఏడాది మాటలన్నీ వినిపిస్తున్నాయి. యసవతి ఆ మాటలు వినడానికే ఇంకో రెండు మలుపుల దూరం పోనిచ్చింది.

మంగళవారం ఆసుపత్రిలో నర్సు ఆశ్చర్యపోయింది. "తాతగారూ, మాటలు ఎవరు నేర్పారు మీకు?"

"మా ఆవిడ. పని రాని మనిషి... చెప్పక చస్తానా?"

పై శనివారానికి పియసీలి టకటకమంటున్న తన పాత వ్యాను తెచ్చి వాళ్ళ వాకిట్లో నిలిపింది.