వదినకు చేయించిన రక్తపరీక్ష

ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న రోజుల్లో, మా ఉక్కు కార్ఖానా ఊళ్లోనే గోల్‌మురి పేటలో ఒక డాక్టరమ్మ దగ్గర పనికి కుదిరాను. మందులిచ్చే పని కాదు, కాగితాల పని. క్షయ ఉందో లేదో రక్తం చూసి చెప్పే పరీక్ష ఒకటి అప్పట్లో ల్యాబుల్లో తెగ చేసేవారు. అది ఎంతవరకు నిజం చెబుతుందో తేల్చడానికి ఆవిడ దేశదేశాల వాళ్లు రాసిన వ్యాసాలన్నీ తెప్పించి చదువుతున్నారు. నేను వాటికి పిన్నులు కొట్టి, ఆవిడ చెప్పిన గుట్టలో పెట్టాలి. నా నోరు ఊరుకోదు కదా, ఒకరోజు అడిగేశాను.

"అమ్మగారూ, ఈ గుట్ట ఇంత పెద్దదేటి, ఆ గుట్ట అంత బక్కదేటి?"

ఆవిడ నవ్వారు. "పెద్ద గుట్టలో వ్యాసాలు రాసినవాళ్లు జబ్బు బాగా ముదిరిన వాళ్లనీ, ఏ జబ్బూ లేని వాళ్లనీ తీసుకుని పరీక్ష చేశారు. ఆ తేడా చూస్తే నీకూ తెలుస్తుంది, దానికి పరీక్ష ఎందుకు? దగ్గుతో వచ్చి, క్షయో కాదో తెలియని వాళ్లకి చేస్తేనే కదా దాని పనితనం బయటపడేది! అలా చేసినవాళ్లు తక్కువ. వాళ్ల లెక్కల్లో ఈ పరీక్ష తేలిపోతోంది. లేనివాళ్లకి ఉందంటోంది, ఉన్నవాళ్లకి లేదంటోంది."

బర్మామైన్స్ పేటలో మా ఇంటి వెనక గదిలో మా వదిన ఉంది.

వదినకు చలికాలం నుంచీ దగ్గు. కళ్లె పరీక్షలో ఏమీ లేదన్నారు. మా నాన్నకు మనసొప్పక బజారులో రక్తపరీక్ష కూడా చేయించారు. ఉందని వచ్చింది. నాన్నది కార్ఖానాలో ఉక్కు నమూనాలు కోసి ల్యాబుకు పంపే పని. అక్కడ ల్యాబు కాదంటే ఆ ఉక్కు వెనక్కే, ఎవరూ మారుమాట్లాడరు. ఇంట్లోనూ అంతే అయింది. పాలు తాగే పిల్లాణ్ణి ఆ రోజే వదిన ఒళ్లోంచి తీసి మా అమ్మకిచ్చేశారు. అన్నయ్య మందులు తెచ్చి గడప మీద పెట్టేవాడు. పిల్లాడు ఏడిస్తే వదిన తలుపు దాకా వచ్చి ఆగిపోయేది.

డాక్టరమ్మకు అంతా చెప్పేశాను. వెంటనే తీసుకురమ్మన్నారు. అన్నయ్య స్కూటర్ మీద తీసుకొచ్చాడు. ఎక్స్‌రే తీయించారు, కళ్లె మళ్లీ చూపించారు. "క్షయ కాదమ్మా, ఉబ్బసం. క్షయే అయినా, మందులు వాడుతుంటే బిడ్డను ఇన్నాళ్లు దూరం పెట్టక్కర్లేదు" అన్నారు. వదిన కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇంటికొస్తూనే నేను వీధిలోంచే అరిచాను. "నాన్నా! వదినకి జబ్బు నేదట! ఆ టెస్టే గలత్ అట, తప్పు సెప్పిందట!"

"ల్యాబోళ్లు రాసిచ్చింది గలతేటే?"

"అది మీ ఉక్కు కాదు నాన్నా, మనిషి నెత్తురు!"

"గలతయితే మరి ఆ టెస్టు ఎందుకు సేత్తన్నారే, అందరికీ?"

ఆ ప్రశ్నే మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి మోసుకెళ్లాను. ఆ బక్క గుట్టలో ఉన్న సంగతి మా బజారు ల్యాబు దాకా ముందే వచ్చుంటే ఎంత బాగుండేది! ఇప్పటికీ ఆ మాటే నా మనసులో తిరుగుతుంటుంది.

వదిన అలవాటు కొద్దీ వెనక గది వైపు నడిచింది. నాన్న లేచి నిలబడ్డారు. "అటు కాదమ్మా. ఇటు రా" అన్నారు.

అప్పటికి పిల్లాడు నడుస్తున్నాడు. వదిన చేతులు చాచింది. వాడు మా అమ్మ మెడ పట్టుకుని మొహం దాచేసుకున్నాడు.

"ఒరే, మీ అమ్మరా! ఎల్లరా!" అని అమ్మ విడిపించబోతే గుక్కపట్టాడు.

"ఒగ్గీండత్తా, బలవంతం సెయ్యకండి" అంది వదిన. చేతులు మాత్రం కాసేపు అలాగే ఉంచింది. పాలు ఎప్పుడో ఇంకిపోయాయి.

అన్నాలవేళ అమ్మ గిన్నె వదిన చేతికిచ్చి పక్కన కూర్చుంది. "పప్పు కలిపితే ఉమ్మేత్తాడు. మజ్జిగన్నమే ఎట్టాల. నోట్లో ఎట్టీముందు ఒకపాలి ఊదాల, నేదంటే నోరు తెరవడు."

వదిన కొత్తగా పనిలో చేరినదానిలా వింటోంది.

"సల్లగున్నా ఊదాలా అత్తా?"

"సల్లగున్నా ఊదాల" అంది అమ్మ.