వన్స్ మోర్ ఇయ్యని మాస్టరు

మా హార్మోనియం మాస్టరు పోయినాడని నాకు ఫోను చేసి చెప్పింది మా నాటకాల్లో తబలా వాయించే తమ్ముడు. పొద్దున్నే చేన్లో బుడ్డలు, అదే శనక్కాయలు, పీకించుకుంటా ఉండా. "అన్నా, మాస్టరు లేడు. నిద్దర్లోనే పోయినాడంట" అన్నాడు. అట్లాంటప్పుడు ఎవరికైనా ఏడుపొస్తాది. నాకు కోపమొచ్చింది. మొన్న వజ్రకరూరు పక్క జాతరలో నలుగురి ముందర ఆయప్పతో గొడవపడి, ఇంగ నీ పెట్టె ముందర నిలబడి పాడితే అడుగు అని వచ్చింటి. ఆయప్ప తువ్వాల మడిచి భుజాన ఏసుకొని వ్యాను ఎక్కినాడు. ఇప్పుడు చెప్పకుండానే పోయినాడు.

మా నాటక సమాజమోళ్లు నన్నే రాయమన్నారు. పోయినోళ్ల గురించి మంచే రాయల్ల కదన్నా అని సన్నగా ఒక మాట గూడా ఏసినారు. చదివేటోళ్లారా, నాకు అట్ల రాసేది చేతకాదు. మా మాస్టరు మంచోడని ఊరంతా చెప్తాంది గదా, నేనెందుకు మళ్లా? నా లెక్కన ఆయప్ప మొండోడు, నోటి దురుసోడు, ఎదుటోని గొప్ప ఓర్వలేనోడు. నా గొంతును రేకు డబ్బా అన్నోడు. అట్లాంటోని గురించి ఎట్ల తోస్తే అట్ల రాస్తాండా.

ఆయప్పకు గుత్తిలో బట్టలంగడి. పగలంతా గుడ్డ కొలిచి చించేది, సాయంత్రమైతే పెట్టె ముందర కూచునేది. మా దిక్కు పద్యనాటకంలో హార్మోనియం ఆయన పక్కవాద్యం కాదు. స్టేజీకి ఆ కొసన కూచోని నాటకాన్నంతా నడిపించేటోడు. తెర ఎప్పుడు లేవల్ల, పద్యం ఎప్పుడు ఎత్తుకోవల్ల, యాడ ఆపల్ల, అంతా ఆయన చేతిలోనే ఉంటాది. అందుకే ఆ మనిషితో సరిపడకపోతే ఎంత రాజు వేషమోడైనా చచ్చినట్లే. నేను రాజు వేషమోణ్ణి. నాకు సరిపడలేదు.

కొత్త నాటకం ఒప్పుకుంటే మొదటి దినాలు పెట్టె తెరిచేటోడు కాదు. మాతో మాటలు చదివించుకొని, కండ్లు మూసుకొని, లవంగం నములుకుంటా వినేటోడు. విన్నాక ఎవరు యాడ వాయించల్లో పంచేటోడు. రాణి ఏడ్చేకాడ ఫిడేలు ఒకటే, తబలా ముట్టుకోగూడదు. మంత్రి కుట్ర చేసేకాడ ఎడమ తబలా తప్ప ఇంగేమీ వద్దు. రాజు దర్బారుకు వచ్చేకాడ అందరూ. రాజ్యం పోయినాక రాజు పాడే పద్యానికి ముందర ఒక్కరు గూడా వాయించొద్దు. మా క్లారినెట్ సాయిబుకు ఇది మహా కష్టంగా ఉండేది, ఊరకే కూచుంటే జనం నేను నిద్దరపోయినాననుకుంటారు మాస్టరూ అని మొరపెట్టుకునేటోడు. దానికి మాస్టరు ఒకటే మాట. వాయించేది అందరికీ వస్తాది, ఊరకుండేది రావల్ల. ఇంగో మాట గూడా ఉండేది ఆయప్పకు. మిట్ట ఎత్తు పెంచల్లంటే మన్ను మోయనక్కరలేదు, పక్కన పల్లం తవ్వితే చాలు. ఇట్లాంటివి చెప్పేటప్పుడు అంగట్లో గుడ్డ కొలిచినట్లే చేతులు చాపేటోడు. నాకు ఒళ్లు మండేది.

ఒళ్లు మండేది ఇంగొకటి గూడా ఉండాది. రాజు పద్యం వస్తాంది అనంగ, ఆయప్ప భుజాన ఉండే తువ్వాల తీసి మెట్ల మింద పరిచి తుడిచేటోడు. మెట్లంటే హార్మోనియం మీద ఏళ్లతో నొక్కేవి. వేరేటోళ్ల పద్యాలకు తుడిచేది కాదు, నాదానికే. నా పద్యానికి మట్టి అంటుకోనుండాది అన్నట్లు. మన దిక్కు గాలికి దుమ్ము ఉండాది, లేదనను, కానీ రాణి పద్యానికి పడని దుమ్ము నా పద్యానికే యాడనుంచి వస్తాది? ఒకసారి అడిగితి. నీ పద్యం పెద్దదప్పా, శుభ్రంగా ఉండల్ల అన్నాడు. పొగిడినాడో తిట్టినాడో తెలియలేదు.

ఇంగ అసలు పగ వన్స్ మోర్ గురించి. పద్యనాటకం చూడనోళ్లకు చెప్తాండా. రాజు పద్యం ఎత్తుకొని, రాగం లాగి లాగి పైకి పోయి ఆడ నిలబడితే, జనంలో నుంచి వన్స్ మోర్ అని కేక పడతాది. అప్పుడు నాటకం ఆపి అదే పద్యం మళ్లా పాడల్ల. వన్స్ మోర్ పడని నటునికి మా దిక్కు టీ ఇచ్చేటోడు గూడా ఉండడు. మా నాయన కాలంలో ఒక పద్యం నాలుగుసార్లు పాడించుకొని తెల్లారగట్టిన ఊర్లున్నాయి. నేను వేషం కట్టిందే ఆ కేక కోసం. సేద్యంలో ఎట్లాగూ ఎవురూ చప్పట్లు కొట్టరు.

మొదట్లో మాస్టరు ఇచ్చేటోడు. నాకు యాభై దాటినాక ఏమైందో ఏమో, ఇయ్యడం మానేసినాడు. జనం కేకేస్తాంటే, నేను గుండెనిండా గాలి పట్టుకొని నిలబడుకొంటే, ఆయప్ప హార్మోనియం గాలి తిత్తిని టక్కున మూసి గొళ్లెం పెట్టేటోడు. పెట్టె మూస్తే శృతి లేదు, శృతి లేకపోతే పాట లేదు. జనం ఈలలు, నేను గడ్డం పెట్టుకొని దిష్టిబొమ్మ మాదిరి. మొదటిసారి చేసిన నాడు తెర ఎనక్కు పోయి గొంతు పట్టుకుందామన్నంత కోపమొచ్చింది. ఎందుకు మూసినావు మాస్టరూ అంటే, లవంగం ఆ దవడ నుంచి ఈ దవడకు మార్చి చెప్పినాడు.

"ఏమప్పా, రాజ్యం పోగొట్టుకున్నోడు జనం అడిగినారని ఇంగోసారి పోగొట్టుకుంటాడా?"

మాట మంచిదే. మంచి మాటతో మనిషిని కొడితే నొప్పి ఎక్కువ. నేను సమాజంలో కూచోని ఈ మాస్టరు వద్దంటే వద్దని పట్టుబట్టి, తనకల్లులో నాటకానికి వేరే హార్మోనియం ఆయన్ని పిలిపిస్తి. ఆ మనిషి మర్యాదస్తుడు. ఏ శృతి రెడ్డీ అని చేతులు కట్టుకొని అడిగినాడు. నాలుగు అంటి. నాది నాలుగో శృతి అని జిల్లాకంతా తెలుసు. శృతి లెక్క పెరిగేకొద్దీ పైకి పాడల్ల. రెండులో పాడేటోళ్లను నేను దేవళంలో భజన చేసుకోండప్పా అని ఎగతాళి చేసేటోణ్ణి. అరవై దగ్గర పడినా నాలుగులో పాడతాండా చూడండి అని స్టేజీ మిందనే చెప్పుకునేటోణ్ణి. తనకల్లులో ఆ మర్యాదస్తుడు నాలుగు ఇచ్చినాడు. మూడో పద్యంలో పైకి పోతానే నా గొంతు విరిగింది. రాజు దగ్గినాడు. వన్స్ మోర్ కాదు గదా, పిల్లోళ్లు నగినారు.

మైకు బాగలేదంటి. గాలంటి. ఆ ఊరి నీళ్లు పడలేదంటి. మళ్లా మాస్టరు కాడికే పోయినాము. బతిమాలింది నేను కాదు, తబలా తమ్ముడు. మాస్టరు గుడ్డ కొలుస్తానే నన్ను చూసి, ఏమప్పా తనకల్లులో గాలెక్కువంట అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయప్ప చచ్చేదాకా నేను సరిగా పలకరించలేదు. పక్కపక్కన నాటకాలాడినాము, ఒకే వ్యానులో తిరిగినాము. గొడవపడేటప్పుడు తప్ప మాట్లాడుకోలేదు.

అట్లాంటి మాస్టరు పోయినాడు. కర్మల దినం నాటి సాయంత్రం సంతాపసభ పెట్టి, ఆ రాజు పద్యం నాతో పాడిస్తామన్నారు. పాడనన్నాను. నువ్వు పాడకపోతే ఇంగెవురు పాడతారు, మాస్టరు మింద కోపం సభ మింద చూపిస్తావా అని పెద్దోళ్లు తగులుకున్నారు. సరే అంటి. గుంతకల్లు నుంచి కీబోర్డు వాయించే ఆయన్ని పిలిపించినారు. సభ జరిగే హాల్లోనే ఆ పొద్దున రిహార్సల్ పెట్టుకుంటిమి. నాలుగు ఇయ్యి అంటి. ఇచ్చినాడు. పద్యం ఎత్తుకుంటి. పైకి పోయేకాడ మళ్లా విరిగింది, తనకల్లులో మాదిరే.

నీ పెట్టె శృతి తప్పింది అంటి. ఇది కరెంటు పెట్టె సార్, తప్పదు అన్నాడు. తప్పినాదని నేను, తప్పలేదని ఆయన. నోరు జారినా. అప్పుడు మా క్లారినెట్ సాయిబు లేచి వచ్చినాడు. ముసలోడు, ఎప్పుడూ గట్టిగా మాట్లాడడు. నన్ను పక్కకు తీసకపోయి చెప్పినాడు.

"అన్నా, ఆయన్ని తిట్టొద్దు. మాస్టరు నీకు నాలుగు ఇచ్చి శానా ఏండ్లాయ."

నాకు అర్థం కాలేదు. నేను ప్రతిసారీ ఆయప్ప ఏళ్లు చూసేటోణ్ణి. నాలుగో శృతి మెట్టు మిందనే ఉండేవి. సాయిబు మాస్టరు ఇంటి నుంచి తెచ్చి మూల పెట్టిన హార్మోనియం కాడికి తోలుకపోయి మూత తీసినాడు. ఆ పెట్టెలో మెట్ల పలక అంతా ఒక దిక్కుకు జరుగుతాది. జరిపితే ఏళ్లు ఆడనే ఉంటాయి, స్వరం మాత్రం కిందికి దిగుతాది. ఇప్పుడు ఆ పలక దిగే ఉండాది. నాలుగో మెట్టు నొక్కితే రెండో శృతి పలికింది. వజ్రకరూరులో నేను గొడవపడిన నాడు యాడ జరిపి పెట్టినాడో ఆడనే ఉండాది.

తువ్వాల ఎందుకో అప్పుడు తెలిసింది. తుడిచేది కాదు ఆయప్ప. తువ్వాల కింద పలకను జరిపేటోడు. మొదట మూడుకు, మళ్లా రెండున్నరకు, ఆఖరుకు రెండుకు. తబలా తమ్ముడు నా పద్యానికి ఆ దిగిన శృతికి కట్టిన వేరే కుడి తబలా పెట్టుకునేటోడు, తోలు వదులైందని నాకు చెప్పేటోడు. సాయిబు నేను పైకి పోయేకాడ నాకంటే పై స్థాయిలో క్లారినెట్ పట్టేటోడు, జనానికి నేనే ఆడికి పోయినట్లు వినపడేది. నా పద్యానికి ముందర రాణితో బాగా కింద పాడించేది గూడా అందుకే. మిట్ట, పల్లం. నాకు తప్ప స్టేజీ మిందుండే అందరికీ తెలుసు. అందరి చేతా ఒట్టేయించుకున్నాడు.

కోపం ఎంతొచ్చిందో చెప్పలేను. నన్ను అడగొద్దా? గొంతు నాది. నేను రెండులో పాడుకుంటా, రెండులో పాడేటోళ్లను ఎగతాళి చేస్తాంటే, ఆయప్ప పక్కన కూచోని లవంగం నములుతా వినింటాడు గదా. నగుకున్నాడా? ఒక్కసారన్నా సాయిబుతో నగింటాడా? అదే అడిగితి. సాయిబు తల అడ్డంగా ఊపినాడు. నేను గూడా ఒకసారి ఉండలేక, రెడ్డికి చెప్పేద్దాం మాస్టరూ అన్నానన్నా అన్నాడు. దానికి మాస్టరు ఏమన్నాడంటే, రాజుకు బలం తగ్గినాదని రాజుకు చెప్పేది మంత్రి పని, మనం వాయించేటోళ్లం, రాజు తగ్గకుండా చూసేదే మన పని అన్నాడంట.

మరి వన్స్ మోర్? అది నాటకం కోసం మూసినాడా, రెండోసారి పాడితే నా గొంతు విరుగుతాదని మూసినాడా? సాయిబుకు తెలియదంట. ఆ ఒక్కటి మాకెవురికీ చెప్పలేదన్నా అన్నాడు. ఇంగ నేను ఎవర్ని అడగల్ల? అందుకే చెప్తాండా, ఈ మనిషి మింద నా కోపం న్యాయమైనదే. ఒకరికి ఇంత చేసి, థూ అని ఉమ్మనీకి గానీ, చేతులెత్తి మొక్కనీకి గానీ ఎదురుగా లేకుండా పోతే ఎట్ల?

సాయంత్రం సభకు గుత్తి అంతా వచ్చింది. మాస్టరు భార్య ముందర వరసలో కూచోనుండాది. నేను కీబోర్డు వద్దని చెప్పి మాస్టరు పెట్టె స్టేజీ మింద పెట్టిస్తి. గుంతకల్లు ఆయన దాని ముందర కూచోని, పలక జరిగుండేది చూసి, సరిచేద్దామని చెయ్యి పెట్టినాడు. ఆ చెయ్యి పట్టుకుంటి. ఆడే ఉండనీ అంటి. మైకులో గూడా చెప్పినా. అయ్యా, ఇది నాలుగు కాదు, రెండు, నాది ఇప్పుడు రెండే అని. హాల్లో కొందరు గుసగుసలు పోయినారు. పోనీ.

పాడినా. పైకి పోయేకాడ సాయిబు క్లారినెట్ నోటి కాడికి ఎత్తి, మళ్లా దించి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ గొంతు నాదొక్కటే. యాడా విరగలేదు. పద్యం అయిపోయింది. అప్పుడు ఎనక నుంచి ఎవరో కేకేసినారు, వన్స్ మోర్ అని. ఇంకా ఇద్దరు ముగ్గురు అందుకున్నారు. ఎన్నేండ్లాయ ఆ కేకకు మళ్లా పాడి. గుంతకల్లు ఆయన మెట్ల మింద ఏళ్లు పెట్టుకొని, ఎత్తుకుందామా అన్నట్లు నా దిక్కు చూసినాడు.

నేను వంగి తిత్తి మూసి గొళ్లెం పెడితి. ఆయన ఏళ్లు ఇంకా తీయలేదు. లోపల మిగిలిన గాలికి ఆ స్వరం అట్లే పలికి, సన్నగై, ఊరకైంది.