పెయ్యను అప్పగించిన చీటీ

కర్నూలు గోశాల నుంచి ఒక పెయ్యదూడను తెచ్చుకోవడానికి నేను నాలుగుసార్లు తిరిగాను. పిల్లనిచ్చేటప్పుడు మా మామ కూడా నన్ను అన్ని ప్రశ్నలు అడగలేదు.

అప్పుడు నేను డోన్‌కు మూడు మైళ్ళ దూరంలో ఉన్న పల్లెలో ఎలిమెంటరీ బడి పంతుల్ని. కరువు వచ్చి పోయిన మరుసటి ఏడు. ఊళ్ళో గొడ్లు సగం చచ్చిపోయాయి. చావనివాటిని, మేపలేక, జనం కర్నూలుకు తోలుకుపోయి అక్కడి వర్తకులు నడిపే గోశాలలో వదిలేసి వచ్చారు. వానలు పడితే తెచ్చుకుంటామని చెప్పి వచ్చారు గాని వానలు పడ్డాక తిరిగి పోయినవాళ్ళు తక్కువ. ఇంటిల్లిపాదీ గంజి కేంద్రంలో నిలబడి తాగి వచ్చిన మనుషులకు గొడ్డును మళ్ళీ ఇంటికి తోలుకురావాలంటే ధైర్యం చాలదు.

మా ఇంటి సంగతి వేరు. నా భార్యకు తొలిచూలు బిడ్డ చచ్చి పుట్టింది. రెండోవాడు తొమ్మిది రోజులు బతికాడు. ఆ తర్వాత ఆమె మాట్లాడటం మానేసింది. వంట చేసేది, నీళ్ళు తెచ్చేది, ఏమన్నా అడిగితే ఊ అనేది, అంతే. బడి నుంచి ఇంటికి రావాలంటే నాకు భయంగా ఉండేది. అలాంటిది ఒక సాయంత్రం జొన్నలు విసురుతూ తిరగలి ఆపి, "యాడన్నా ఒక దూడ దొరికితే తోలకరా. ఇంట్లో ఒక పానం తిరుగుతాండాల" అంది. నెలల తర్వాత తనంతట తాను నాతో అన్న మొదటి మాట అది. ఆమెకు దూడ కావాలి. నాకు ఆమె మళ్ళీ కావాలి. మర్నాడే రైలెక్కాను.

కర్నూలు అప్పుడే రాజధాని అయింది. ఊరి నిండా గుడారాలు, గుడారాల్లో ఆఫీసులు, ఆఫీసుల్లో పాలు కావలసిన ఆఫీసర్లు. గోశాలలో పాలిచ్చే ఆవు ఏదైనా ఉంటే అది సాయంత్రానికల్లా ఎవరో ఒక బంట్రోతు వెంట గుడారాల వైపు నడిచిపోయేది. వాళ్ళను కొట్టం ఉందా అని అడిగినవాడు లేడు. మనిషే గుడారంలో ఉంటే ఆవుకు కొట్టం ఎక్కడ నుంచి వస్తుంది? నన్ను మాత్రం గుమాస్తా ముక్కుపొడుం పీలుస్తూ నిలబెట్టి అడిగాడు.

"కొట్టం ఉండాదా?"

"ఉండాదప్పా."

"గడ్డి?"

"ఉండాది."

"ఉన్నట్ల మీ కరణంతో చీటీ రాయిచ్చుకోని రా పో."

మా కరణం కొడుకును నేను లెక్కల పరీక్షలో తప్పించి ఉన్నాను. ఆ ఒక్క చీటీ కోసం ఆయన నన్ను పది రోజులు తన అరుగు దగ్గర నిలబెట్టాడు. రెండోసారి చీటీ పట్టుకుని పోతే, ధర్మకర్త చూడాలి, ఆయన పెండ్లికి పోయినాడు అన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు గాని, ఇక్కడ పూజారి ఇస్తానన్న రోజు దేవుడు ఊళ్ళో లేడు. మూడోసారికి ధర్మకర్త దొరికాడు. తెల్లటి పరుపు మీద కూర్చుని నన్ను కిందినుంచి పైకి చూశాడు.

"ఇంట్లో మాంసం ముడతారా?"

ముందురోజే మా అమ్మ కోడిని కోసింది. "లేదు సామీ" అన్నాను. వేళ్ళకు ఇంకా వాసన ఉందేమోనని చేతులు వెనక్కి పెట్టుకున్నాను. పిల్లలకు అబద్ధమాడరాదని రోజూ పలక మీద రాయించే చేతులవి. ఆయన తల ఊపాడు. కానీ ఆరోజు మంగళవారం, పశువును గడప దాటించకూడదట. మళ్ళీ రమ్మన్నాడు.

నాలుగోసారి ఏరుకోనివ్వలేదు. గుమాస్తా లోపలికి పోయి ఒక ఎర్ర పెయ్యను తాడుతో పట్టుకొచ్చి నా చేతిలో పెట్టాడు. ఒళ్ళంతా గజ్జి, వీపు మీద వెంట్రుక లేదు, ఎడమ వెనక కాలు కుంటి. మొదటి మూడుసార్లూ నన్ను గంటలు గంటలు ఎండలో నిలబెట్టినవాడు ఆరోజు ఎందుకో తొందరపడ్డాడు. కాగితం మీద వేలిముద్ర వద్దు, సంతకమే పెడతానని నేను గొప్పగా చెప్పి, అందులో ఉన్నది పైకి చదివి మరీ సంతకం చేశాను. ఈ పశువును అమ్మను. కటికవానికి ఇవ్వను. దారిలో వదలను. సాకలేకపోతే తిరిగి ఇక్కడికే తెచ్చి అప్పగిస్తాను.

కుంటి పెయ్యను నడిపించుకుంటూ వెల్దుర్తి మీదుగా ఇల్లు చేరేసరికి రెండు రోజులు పట్టింది. దాన్ని చూసి మా అమ్మ, "నాలుగుతూర్లు తిరిగి దీన్నా తెచ్చింది? దీనికంటే మేక మేలు గదరా" అంది. నా భార్య లోపలికి పోయింది. చెంబుతో నీళ్ళు తెచ్చి దాని కాళ్ళు కడిగింది, కొత్తకోడలికి కడిగినట్టు.

తర్వాత మా ఇల్లు మారిపోయింది. పొద్దున లేవగానే ఆమె వేపనూనెలో పసుపు కలిపి దాని ఒళ్ళంతా రుద్దేది. కుడితిలో తన వంతు సంగటి పిసికి పోసేది. దాన్ని పాపా అని పిలిచేది. ఆ పిలుపు మా అమ్మకు నచ్చలేదు, నాకూ మొదట్లో ఒళ్ళు జలదరించింది. కానీ ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి ఆ పెయ్య వంటింట్లోకి దూరి ఉప్పుకుండలో మూతి పెట్టింది. నా భార్య దాని చెవి పట్టుకుని లాగుతూ నవ్వుతోంది. పైకి వినపడేలా నవ్వుతోంది. నేను గడపలోనే చెప్పులతో నిలబడిపోయాను. నాలుగుసార్లు కాదు, నలభైసార్లు తిరిగినా తప్పులేదనిపించింది.

రెండు నెలలకు గజ్జి మానింది. వీపు మీద కొత్త వెంట్రుక నున్నగా, ఎర్రగా వచ్చింది. అదే నెలలో నా భార్యకు మళ్ళీ నెల తప్పిన సంగతి తెలిసింది.

వెంట్రుక వచ్చింది గనకనే సుడి బయటపడింది. తొంటి పైన, తోకకు జానెడు ఎడంగా, రూపాయి బిళ్ళంత సుడి. మా అమ్మ కంటబడింది. ఆమె పోయి, గొడ్ల సుళ్ళు చూడటంలో పేరున్న ఒక ముసలి రైతును పిలుచుకొచ్చింది. ఆయన అరచేత్తో దాని వీపు రెండుసార్లు నిమిరి, చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు.

"పాడెసుడి. ఇది ఉన్న ఇంట్లో పీనుగ లేస్తాది. ఎవురో తెలిసే ఇడిసినారు దీన్ని."

నేను ఎగిరిపడ్డాను. సుడి అంటే వెంట్రుక తిరిగిన తీరు, అంతే, నా నెత్తి మీదా రెండున్నాయి, మరి నన్నెందుకు పెంచారు అన్నాను. ఆయన నవ్వి పోయాడు. మా అమ్మ మాత్రం కోడలి కడుపు వైపు చూసింది. చదువుకున్నవాడినని నాకు శానా పొగరు. ఆ పొగరు ఐదు నెలలు నిలబడింది. అమ్మ రోజూ ఏడ్చినా, ఊళ్ళో వాళ్ళు మా ఇంట నిప్పు తీసుకోవడం మానేసినా నిలబడింది. ఏడో నెలలో ఒక మధ్యాహ్నం నా భార్య కడుపు పట్టుకుని గోడకు చేరగిలబడింది. చీరకు రక్తం. మంత్రసాని వచ్చి పడుకోబెట్టి, కాళ్ళ కింద దిండు పెట్టి, కదలొద్దంది. రక్తం ఆగింది. నా పొగరు మాత్రం ఆ గోడ దగ్గరే కూలిపోయింది.

"దాన్ని పంపొద్దు. సుడి అదేమన్నా కోరి పెట్టుకుందా?" అంది నా భార్య పడుకునే.

"గోశాలకే తోలకపోతా. వాళ్ళు తీసుకుంటామని రాసినారు. ఆడ బాగనే ఉంటాది" అన్నాను.

గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత, "తీసుకున్నట్ల వాళ్ళతో చీటీ రాయిచ్చుకోని రా" అంది.

మళ్ళీ రెండు రోజుల నడక. ఈసారి పెయ్య ఒళ్ళు చేసి ఉంది, కుంటినా హుషారుగా నడిచింది. నేను ఆగితే ఆగేది, నా భుజం మీది తువ్వాలు నాకేది. గోశాల గేటు దగ్గర అదే గుమాస్తా. నేను సుడి మాట ఎత్తలేదు. సాకలేకపోతున్నానని మాత్రం చెప్పాను. ఆయన లేచి వచ్చి నేరుగా తొంటి మీద చెయ్యి పెట్టాడు. వెతుక్కోలేదు, చెయ్యి నేరుగా అక్కడికే పోయింది.

"ఇదా! వద్దప్పా. లోపలికి రానియ్యను."

"నీకు ముందే తెలుసా?"

"తెచ్చి ఇడిసినోడు చెప్పే ఇడిసినాడు."

"మరి నాకు చెప్పల్ల గదా?"

"చెప్తే నువ్వు తోలకపోతావా?"

సంతకం చేసిన కాగితం గుర్తు చేశాను. తిరిగి తెచ్చి అప్పగిస్తానని నువ్వు రాసినావు, తీసుకుంటామని మేం రాసినామా అన్నాడు. అది నిజమే. పైకి చదివి మరీ సంతకం చేసిన పంతులుకు ఆ సంగతి తోచలేదు. ధర్మకర్తను చూస్తానన్నాను. ఆయన కోడలు కూడా కడుపుతో ఉందట, ఈ పెయ్య సంగతి ఆయన చెవిన వేస్తే తన ఉద్యోగం పోతుందట. "మాకు మాత్రం ఇండ్లు లేవా?" అని గేటు వేసుకున్నాడు. గోశాల కూడా దాన్ని చూసి భయపడిందని అప్పుడు తెలిసింది. నాలుగుసార్లు నన్ను పరీక్షలు పెట్టి, ఆఖరికి వాళ్ళ పీడ నా నెత్తిన వేసి పంపారు. నాకు మండిపోయింది. ఆ మంట వాళ్ళ మీద చూపించడానికి గేటు అడ్డం.

దాన్ని హంద్రి వైపు నడిపించాను. ఏటిలో నీళ్ళు లేవు, ఇసుకలో ఎవరో తీసిన చెలమ ఉంది. పెయ్య వంగి తాగుతుంటే మెడలో తాడు విప్పాను. నా భార్య కట్టిన నల్లపూసల దారం ఉండనిచ్చాను. మెల్లగా గట్టు వైపు నడిచాను. యాభై అడుగులు వేశానో లేదో అది తలెత్తి, మూతి నుంచి నీళ్ళు కారుతుండగానే నా వెంట వచ్చింది. మామూలుగా వచ్చింది, ఇంటికి పోతున్నామనుకున్నట్టు. అదిలించాను. ఆగి, మళ్ళీ వచ్చింది. రాయి తీసుకుని పక్కకు విసిరాను. ఆటనుకుంది. రెండో రాయి దాని ముందు పడింది. మూడోది గట్టిగా కొట్టాను. కుంటికాలి మీద తగిలింది. అది అరవలేదు. కాలు ఎత్తుకుని అక్కడే నిలబడి నా వైపు చూస్తూ ఉంది. నేను స్టేషన్ దాకా వెనక్కి చూడలేదు. నా బతుకులో అంతకంటే నీచమైన పని ఇంకొకటి చేయలేదు. ఇది చెప్పుకోవడానికి కూడా నాకు ఇన్నేళ్ళు పట్టింది.

డోన్ బండి రావడానికి గంట టైముంది. జేబులో బడి నోటుబుక్కు ఉంది. ఒక కాగితం చించి, మోకాలి మీద పెట్టి, గోశాల వాళ్ళు రాసినట్టు నేనే రాశాను. ఎర్ర పెయ్య ఒకటి, ఎడమ వెనక కాలు కుంటి, పంతులు గారు తెచ్చి అప్పగించగా మేము క్షేమంగా తీసుకున్నాము. కింద గుమాస్తా సంతకం కూడా గిలికాను. నా భార్యకు చదువు రాదు. ఊరి పిల్లలందరికీ అక్షరాలు నేర్పినవాడికి ఇంట్లో నేర్పే ఓపిక లేకపోయింది, ఆరోజు అదే పనికొచ్చింది. ఆమె పడుకునే ఉండి చీటీ అందుకుంది, మడిచింది, తొమ్మిది రోజుల పిల్లవాడి టోపీ దాచిన పెట్టెలో పెట్టించింది. చదివి వినిపించమనలేదు.

నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. కేరుమని ఏడ్చింది. మా అమ్మ పురిటి గది గడపలోనే, "సూస్తివా? ఆ పీడ పోయినాకనే పిల్ల నిలిచె" అంది. తాను పోయేదాకా అదే మాట అంటూనే ఉంది. మంత్రసాని పెట్టిన దిండు సంగతి నేను చెప్పబోయాను గాని పూర్తి చేయలేదు. బిడ్డ నిలవకపోయి ఉంటే ఎవరినో ఒకరిని తిట్టుకునేవాణ్ణి. నిలిచింది గనక ఎవరి ముందూ ఏడవడానికి కూడా లేకపోయింది. నా భార్య బిడ్డను పాపా అని ఎన్నడూ పిలవలేదు.

పాపకు, అంటే నేను పిలిచే పాపకు, ఐదేళ్ళు నిండకముందే అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చింది. ఈసారి ఓపిక తెచ్చుకుని నేనే రోజూ పలక మీద రాసి దిద్దించాను. ఏ కాగితం కనబడినా చదివేది, బెల్లం కట్టి ఇచ్చిన కాగితం కూడా. ఒక ఆదివారం మధ్యాహ్నం నా భార్య వరండాలో చేటలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతోంది. పిల్ల లోపల పెట్టె తెరిచి మడతలు పడిన కాగితం ఒకటి పట్టుకొచ్చింది.

"నాయనా, ఇది నువ్వు రాసిందే గదా? నీ క్ష ఇట్లనే ఉంటాది."

నేను కాగితం లాక్కునేలోపే అది గొంతెత్తి చదవడం మొదలుపెట్టింది. "ఎర్ర పె...య్య ఒక...టి..." నా భార్య తలెత్తలేదు. చేటలో వేళ్ళు ఆగలేదు. "...మేము క్షే...మం...గా తీసు...కున్నాము."

"ఆ మాట ఇంగోసారి సదువు" అంది నా భార్య.

"క్షేమంగా."

ఆమె ఒక రాయి ఏరి, వాకిట్లోకి విసిరి, మళ్ళీ చేటలోకే చూస్తూ అంది.

"అట్ల రాసినాడా మీ నాయన?"